నాయనకి సోరియాసిస్, రక్తంలో కొవ్వూ ఎక్కువే. ఈ రెండింటికీ జన్యువుల్లో లంకె ఉందంటున్నారు, నిజమేనా?

అలిపిరి_దారి (తిరుపతి)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాయనకి 56 ఏళ్ళు, బస్సు డ్రైవర్. తొమ్మిదేళ్ళుగా సోరియాసిస్ ఉంది. మొదట మోచేతుల మీద రూపాయి బిళ్ళంత మచ్చలు వచ్చాయి, తర్వాత మోకాళ్ళకీ నడుముకీ పాకింది, రెండేళ్ళుగా తలలో కూడా ఉంది. పొద్దున్నే దిండు మీద రాలిన తెల్ల పొట్టుని నాయన లేవకముందే అమ్మ దులిపేస్తుంది, చూస్తే బాధపడతారని. చలికాలం వచ్చిందంటే పొడుగు చేతుల చొక్కా తప్ప వేసుకోరు. చర్మం డాక్టర్ ఏడాదిన్నర నుంచి మెథోట్రెక్సేట్ ఇస్తున్నారు, వారానికి ఒకసారి. దాంతో సగానికి పైగా తగ్గింది, అది మాత్రం నిజం.

పోయిన నెల రక్తపరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 286, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారు) 33, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అంటారు) 138 వచ్చాయి. జనరల్ డాక్టర్ చూసి, గుండె కోసం రాత్రిపూట వేసుకోమని స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే గోళీ రాసిచ్చారు. ఇంతవరకూ బాగానే ఉంది. ఈలోపల బంగారుపాళెంలో ఉండే మా చిన్నాయన వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపించారు. సోరియాసిస్‌కి మూలం కొలెస్ట్రాలేనని జన్యువుల పరిశోధనలో రుజువైందట, కొలెస్ట్రాల్ గోళీ వేసుకుంటే చర్మం గోళీలు మానేయొచ్చట. నాయన దాన్ని పట్టుకుని కూర్చున్నారు. "ఒక గోళీతో రెండూ పోతాయంటే ఇంకోటి ఎందుకు మింగాలి" అంటారు. ఈ వారం మెథోట్రెక్సేట్ వేసుకోలేదు.

ఇంకో సంగతి, నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇదే. ఆ మెసేజ్ విన్నప్పటి నుంచి అమ్మ తన వంట వల్లే ఇదంతా వచ్చిందనుకుంటోంది. "తొమ్మిదేళ్ళుగా నేనే నూనె పోసి పోసి ఈయన్ని ఇట్లా చేసినాను" అని నిన్న వంటింట్లో ఏడ్చింది. నాకు ఏం చెప్పాలో తెలీలేదు.

ఇంతకీ ఆ పరిశోధన నిజంగా ఉందా? ఉంటే అందులో ఏముంది? కొవ్వు తగ్గితే చర్మం తగ్గుతుందా? నాకూ తమ్ముడికీ వస్తుందా అన్నది కూడా మనసులో ఉంది. పైగా నాయనకి తలనీలాలు ఇచ్చే మొక్కు ఒకటుంది, తలలో మచ్చలున్నప్పుడు గుండు చేయించుకోవచ్చా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

లెక్కల_పని (సొంతూరు చిత్తూరు)

నేను డాక్టర్ని కాదమ్మా, బయోస్టాటిస్టిక్స్‌లో పని చేస్తాను, ఇట్లాంటి జన్యు డేటాతోనే రోజూ నా పని. అందుకని పరిశోధన గురించి మాత్రం చెప్తాను. దానికన్నా ముందు ఒక మాట. మెథోట్రెక్సేట్ ఎవరంతట వాళ్ళు ఆపేసే మందు కాదు. ఈ రోజే చర్మం డాక్టర్‌కి ఫోన్ చేసి, ఒక వారం తప్పిందని చెప్పి, ఏం చేయాలో అడగండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీ చిన్నాయన పంపినదాంట్లో చిక్కేమిటంటే అది పూర్తిగా అబద్ధం కాదు. పరిశోధన ఉంది. కానీ అది చెప్పింది ఒకటి, మెసేజ్‌లోకి వచ్చేసరికి అయింది ఇంకొకటి.

సోరియాసిస్ ఉన్నవాళ్ళలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటం డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. అయితే ఏది ముందు, ఏది వెనక? మచ్చలు కనిపిస్తాయని మనిషి నలుగురిలోకి రావటం మానేస్తాడు, నడక తగ్గుతుంది, ఒళ్ళు పెరుగుతుంది, కొందరు బాధలో మద్యం అలవాటు చేసుకుంటారు, వీటన్నిటికీ కొవ్వు పెరుగుతుంది. ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండే ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) కూడా రక్తంలో కొవ్వుల తీరుని మార్చేస్తుంది. సోరియాసిస్‌కి వాడే కొన్ని మందులే కొవ్వుని పెంచుతాయి. కాబట్టి ఇద్దరు పక్కపక్కన కనిపించినంత మాత్రాన ఒకరు ఇంకొకరిని పిలుచుకొచ్చారని చెప్పలేం, వేరే ఎవరో ఇద్దరినీ పిలిచి ఉండొచ్చు.

ఇక్కడే జన్యువులు పనికొస్తాయి. తిరుమల ఆర్జిత సేవలకి ఎలక్ట్రానిక్ డిప్ తీస్తారు కదా, నమోదు చేసుకున్న లక్షల మందిలో ఎవరికి తగులుతుందనేది వాళ్ళ తిండిని బట్టో ఉద్యోగాన్ని బట్టో ఉండదు. మనం తల్లి కడుపులో పడేటప్పుడు జరిగేది కూడా అట్లాంటి డిప్పే. ప్రతి జన్యువుకీ అమ్మ దగ్గర రెండు ప్రతులు, నాయన దగ్గర రెండు ప్రతులు ఉంటాయి, ఒక్కొక్కరి దగ్గర నుంచి ఏదో ఒకటి మనకి వస్తుంది. మెండెల్ బఠాణీ మొక్కల మీద పని చేసి 1866లో అచ్చువేసిన సంగతి బళ్ళో చదువుకున్నాం, మూలం అదే, అందుకే ఈ పద్ధతిని మెండీలియన్ రాండమైజేషన్ అంటారు. కొందరికి పుట్టుకతోనే కొవ్వుని కాస్త పెంచే ప్రతులు ఎక్కువ తగులుతాయి, కొందరికి తక్కువ. తక్కువ తగిలినవాళ్ళకన్నా ఎక్కువ తగిలినవాళ్ళకి సోరియాసిస్ ఎక్కువ వస్తోందా అని చూస్తారు. 47వ ఏట వచ్చిన చర్మరోగం వెనక్కి వెళ్ళి పుట్టినప్పటి జన్యువుని మార్చలేదు కదా, అందుకని ముందూ వెనకా గొడవ చాలావరకు తీరుతుంది.

దీనికి చాలా పెద్ద డేటా కావాలి. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన కొవ్వుల జన్యు అధ్యయనంలో 16 లక్షల మందికి పైగా ఉన్నారు. యూకే బయోబ్యాంక్‌ అని బ్రిటన్ జనాల ఆరోగ్య, జన్యు వివరాలు దాచిన చోట 40 నుంచి 69 ఏళ్ళ మధ్యవాళ్ళు 5 లక్షల మంది ఉన్నారు, 2006 నుంచి 2010 వరకు చేర్చుకున్నారు. ఈ పద్ధతి పాత నమ్మకాల్ని తిరగరాసిన సందర్భాలూ ఉన్నాయి. హెచ్‌డీఎల్‌ని మంచి కొలెస్ట్రాల్ అంటాం, పెంచుకుంటే గుండెపోటు తగ్గుతుందనుకున్నారు, 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూస్తే పుట్టుకతో హెచ్‌డీఎల్ పెంచే జన్యువులున్నవాళ్ళకి గుండెపోట్లేమీ తగ్గలేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. 2023లో జామా డెర్మటాలజీ అనే చర్మవైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, ఆ మెసేజ్ దాన్నుంచే పుట్టి ఉండొచ్చని నా అనుమానం. ఎల్‌డీఎల్‌ని తగ్గించడానికి మందులు వేర్వేరు తలుపుల్లోంచి వెళ్తాయి. స్టాటిన్లది ఒక తలుపు, కాలేయంలో కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమ్‌ని ఆపుతాయి. ఎజెటిమైబ్‌ది ఇంకో తలుపు, పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోవటాన్ని ఆపుతుంది. మూడోది పీసీఎస్‌కే9. ఈ ప్రోటీన్ కాలేయం మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్లని నాశనం చేయిస్తుంది, దాన్ని ఆపితే రిసెప్టర్లు నిలబడి రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాగేసుకుంటాయి. దీని పాత్ర 2003లో ఫ్రాన్స్‌లో కొన్ని కుటుంబాల్ని పరీక్షించినప్పుడు బయటపడింది. ఇంజెక్షన్లు 2015లో అమెరికాలో వచ్చాయి.

ఆ మూడు తలుపుల దగ్గరా పుట్టుకతో తేడా ఉన్నవాళ్ళని చూశారు. సోరియాసిస్ ఉన్నవాళ్ళు 12 వేల మందికి పైగా. పీసీఎస్‌కే9 తలుపు దగ్గర ఎల్‌డీఎల్ తగ్గినవాళ్ళకి సోరియాసిస్ వచ్చే అవకాశం దాదాపు 30 శాతం తక్కువగా కనిపించింది. స్టాటిన్ తలుపు దగ్గరా, ఎజెటిమైబ్ తలుపు దగ్గరా అట్లాంటి సాక్ష్యం దొరకలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మూడు చోట్లా తగ్గింది అదే ఎల్‌డీఎల్. కొలెస్ట్రాలే సోరియాసిస్‌కి మూలమైతే మూడింట్లోనూ ఫలితం కనిపించాలి. ఒక్కదాంట్లోనే కనిపించిందంటే పీసీఎస్‌కే9 కొలెస్ట్రాల్‌తో సంబంధం లేని ఇంకో పనేదో చర్మం దగ్గర చేస్తూ ఉండొచ్చు. సోరియాసిస్ మచ్చల చర్మంలో ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉన్నట్టూ, ఎలుకల్లో దాన్ని అణిచినప్పుడు ఇన్‌ఫ్లమేషన్ తగ్గినట్టూ ల్యాబు పరిశోధనలు ఉన్నాయి. మీ నాయనకి రాసింది స్టాటిన్. అంటే మెసేజ్ ఏ పరిశోధన పేరు చెప్పి గోళీ మింగమంటోందో, ఆ పరిశోధనే ఆ గోళీకి సోరియాసిస్ విషయంలో సాక్ష్యం ఇవ్వటం లేదు!

ఇంకొకటి, చాలామంది గమనించనిది. ఇవన్నీ జబ్బు *రావటం* గురించిన లెక్కలు. వచ్చేసిన జబ్బు తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. గడ్డివాముకి నిప్పంటుకోకుండా చూడటం వేరు, అంటుకున్నాక ఆర్పటం వేరు. పుట్టినప్పటి నుంచి 50 ఏళ్ళపాటు కొవ్వు కాస్త తక్కువగా ఉండటమూ, 56వ ఏట మూడు నెలలు గోళీ వేసుకోవటమూ ఒకటి కాదు.

అమ్మగారికి నా మాటగా ఇది చెప్పండి. ఈ పరిశోధనలు చూసింది పుట్టుకతో వచ్చిన జన్యువుల్ని. ఏ ఇంట్లో ఎంత నూనె పోశారని ఒక్క ప్రశ్న కూడా ఇందులో లేదు. ఆమె చేతి వంట వల్ల సోరియాసిస్ వచ్చిందని చెప్పే సాక్ష్యం ఇందులో ఎక్కడా లేదు.

పలమనేరు_దారి

చెల్లెమ్మా, నాకు 18 ఏళ్ళుగా ఉంది ఈ జబ్బు. లెక్కల అన్న చెప్పినంత చదువు నాకు లేదు, అనుభవం చెప్తాను.

మొదటి ఆరేళ్ళు నేను పోని చోటు లేదు. పక్క ఊర్లో ఒకాయన పొడి ఇచ్చినాడు, తేనెలో కలిపి నాకమన్నాడు. పది రోజుల్లో ఒళ్ళంతా అద్దంలాగా అయిపోయింది, దేవుడే దిగొచ్చినాడనుకున్నా. నాలుగు నెలలకి మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది. భయపడి ఒక్కసారిగా ఆపేస్తే అరచేతులూ అరికాళ్ళతో సహా ఒళ్ళంతా చీము పొక్కులు లేచి, జ్వరంతో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారని డాక్టర్లు చెప్పినారు, స్టెరాయిడ్ అట్లా ఉన్నట్టుండి ఆపితే సోరియాసిస్ ఇట్లా విరుచుకుపడుతుందంట. అందుకే "ఇది వేసుకో, అది ఆపెయ్" అని ఎవరన్నా మెసేజ్ పంపితే నాకు ఒళ్ళు మండుతుంది. పంపేవాళ్ళు ప్రేమతోనే పంపిస్తారు, మీ చిన్నాయనా అంతే, కానీ అనుభవించేది మనం.

రెండోది మెథోట్రెక్సేట్ గురించి. అది వారానికి ఒక్క రోజే. నాకు కొత్తలో ఒక మందుల షాపులో కవరు మీద పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని రాసిచ్చేసినారు, మిగతా గోళీలతో పాటు. మా ఆవిడ చీటీ ఇంకోసారి చదివింది కాబట్టి బతికినాను. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. మా ఇంట్లో క్యాలెండర్ మీద ప్రతి ఆదివారానికీ ఎర్ర చుట్టు గీసి పెట్టుకుంటాం, వేసుకున్నాక దాని మీద అడ్డగీత. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన రోజున విడిగా. మీ ఇంట్లో కూడా అట్లా పెట్టుకోండి, ముఖ్యంగా ఇప్పుడు రోజూ వేసుకునే స్టాటిన్ కూడా చేరింది కాబట్టి రెండూ కలగాపులగం అయ్యే ప్రమాదం ఉంది.

అమ్మని ఏడవద్దని చెప్పమ్మా. మా అమ్మ కూడా అట్లనే అనుకునింది, నేను కడుపులో ఉన్నప్పుడు గ్రహణం చూసినానని. చనిపోయేదాకా అదే అనుకుంటూ పోయింది. అప్పుడు నాకు ఈ విషయాలు తెలిసి ఉంటే ఆమెకి చెప్పి ఉండేవాణ్ణి.

తూర్పుగాలి

లెక్కల_పని గారికి ఒక సూటి ప్రశ్న. మీరు చెప్పిన డేటా అంతా తెల్లవాళ్ళది కదా. యూకే బయోబ్యాంక్ అంటే ఇంగ్లండు జనం. సంగటి, అన్నం తినే మన చిత్తూరు మనుషులకి అది ఎట్లా వర్తిస్తుంది? మన జన్యువులు వేరు, మన కొవ్వు తీరు వేరు. ఆ 30 శాతం అనే అంకె మనకి చెప్పటంలో అర్థం ఉందా? ఇంకోటి, ఒకే జన్యువు రెండు మూడు పనులు చేస్తే మీ డిప్ లెక్క తప్పిపోదా?

లెక్కల_పని (సొంతూరు చిత్తూరు)

రెండూ సరైన ప్రశ్నలే, అడిగినందుకు సంతోషం.

మొదటిది. ఆ సోరియాసిస్ అధ్యయనంలో ఉన్నవాళ్ళు యూరప్ మూలాలవాళ్ళు. 30 శాతం అనే అంకెని తెచ్చి తిరుపతిలో ఒక మనిషికి అంటించకూడదు, ఒప్పుకుంటాను. శరీరం పనిచేసే తీరు, అంటే పీసీఎస్‌కే9 ఏం చేస్తుంది, రిసెప్టర్ ఏం చేస్తుంది అన్నది మనుషులందరిలో ఒకటే. కానీ ఎంత మేరకు అనేది మారొచ్చు. మన కొవ్వు తీరు వేరన్నది కూడా నిజం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ ఇండియాబ్ అధ్యయనం మొదటి దశలో కొవ్వుల ఫలితాలు 2014లో వచ్చాయి, తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చేశారు. అందులో హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్ళు 72 శాతం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్ళు 29 శాతం పైన, ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్ళు 12 శాతం లోపే. పక్కనే ఉన్న తమిళనాడు అందులో ఉంది కాబట్టి మనకి అంత దూరపు లెక్క కాదు. చూడండి, ఈ అమ్మాయి నాయన రిపోర్టు చాలావరకు ఆ అచ్చులోనే ఉంది. మన దగ్గర సమస్య ఎక్కువగా ట్రైగ్లిజరైడ్లూ హెచ్‌డీఎల్‌దీ అయినప్పుడు ఎల్‌డీఎల్ తలుపుల మీద జరిగిన పరిశోధన మన ప్రశ్నకి సగం జవాబే ఇస్తుంది. మన జనాల డేటాతో ఇట్లాంటి పని పెద్ద ఎత్తున జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను.

రెండోది, ఈ పద్ధతికి అసలైన బలహీనత అదే. డిప్‌లో సేవ తగిలినవాళ్ళందరికీ కొండ మీద గది కూడా ఇచ్చేశారనుకోండి, వాళ్ళు సంతోషంగా తిరిగొస్తే అది సేవ వల్లా గది వల్లా అని ఎట్లా తేలుస్తాం? జన్యువుల్లోనూ ఇట్లాంటివి ఉన్నాయి. జీసీకేఆర్ అనే జన్యువులో ఒక తేడా ట్రైగ్లిజరైడ్లని పెంచుతుంది, అదే తేడా రక్తంలో చక్కెరని కొంచెం తగ్గిస్తుంది, కాలేయంలో కొవ్వునీ పెంచుతుంది. అట్లాంటి వాటిని పెట్టుకుని లెక్క కడితే తప్పుదారి పడతాం. అందుకని ఒక్క జన్యువు మీద ఆధారపడకుండా చాలావాటిని వాడి, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయా, ఏదైనా ఒకటి తీసేస్తే ఫలితం కూలిపోతోందా అని పరీక్షిస్తారు. పీసీఎస్‌కే9 లాంటి చోట ఆ జన్యువు దగ్గరి తేడాలనే తీసుకుంటారు కాబట్టి మందు పనికి అది దగ్గరగా ఉంటుంది, కానీ అక్కడా అనుమానం పూర్తిగా పోదు.

ఇదే పద్ధతిలో ఇంకా గట్టిగా నిలబడిన ఫలితం ఒకటి ఉంది, అది బరువు గురించి. 2019లో ప్లాస్ మెడిసిన్‌లో వచ్చింది. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువుని కొలిచే లెక్క) ఒక్క యూనిట్ పెరిగితే సోరియాసిస్ అవకాశం 9 శాతం పెరుగుతుందని తేలింది, సోరియాసిస్ వల్ల బీఎంఐ పెరుగుతుందనేదానికి మాత్రం పెద్దగా సాక్ష్యం దొరకలేదు. దీనికి ట్రయల్, అంటే పేషెంట్ల మీద నేరుగా చేసిన పరీక్ష కూడా ఉంది. 2013లో డెన్మార్క్‌లో బరువెక్కువున్న 60 మంది సోరియాసిస్ పేషెంట్లతో చేశారు, తక్కువ కేలరీల తిండితో దాదాపు 15 కిలోలు తగ్గారు. మచ్చల స్కోరు తగ్గుదల వైపే వెళ్ళింది కానీ గణాంకాల గీత కొద్దిలో దాటలేదు, అంటే అది కాకతాళీయం కాదని గట్టిగా చెప్పలేం. రోజువారీ జీవితం మాత్రం స్పష్టంగా మెరుగైందని చెప్పారు. కాబట్టి నాయనగారు ఏదైనా ఒకటి పట్టుకోవాలనుకుంటే నడుము చుట్టుకొలతని పట్టుకోమనండి, మెథోట్రెక్సేట్‌ని వదలకుండానే.

చర్మం_ఓపీ

చర్మవ్యాధుల్లో పీజీ చేస్తున్నాను. ఆలస్యంగా చూశాను ఈ పోస్టు. పైన చెప్పినవాటికి కొన్ని కలుపుతాను, ఇవి మీ డాక్టర్‌కి బదులు కావు, డాక్టర్ దగ్గర అడగాల్సినవి అనుకోండి.

నాయనగారికి స్టాటిన్ ఇవ్వటం సరైన పనే, కారణం వేరు. సోరియాసిస్ చర్మంతో ఆగే జబ్బు కాదు. 2006లో జామాలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, తీవ్రంగా సోరియాసిస్ ఉన్న 30 ఏళ్ళవాళ్ళకి గుండెపోటు ప్రమాదం ఆ వయసు మామూలు మనుషులకన్నా మూడు రెట్లు కనిపించింది. 2018 అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో సోరియాసిస్‌ని గుండె ప్రమాదాన్ని పెంచే వాటిలో ఒకటిగా రాశారు. 56 ఏళ్ళ డ్రైవర్, రోజంతా కూర్చుని చేసే పని, హెచ్‌డీఎల్ 33, పైన సోరియాసిస్. గోళీ గుండె కోసమే, చర్మం కోసం దాని మీద ఆశ పెట్టుకోవద్దు. స్టాటిన్లతో సోరియాసిస్ తగ్గుతుందా అని చిన్న చిన్న ట్రయల్స్ జరిగాయి, ఫలితాలు ఒక దారిలో లేవు.

మెథోట్రెక్సేట్‌తో పాటు స్టాటిన్ చాలామంది వాడుతున్నారు, కాలేయం పరీక్షలూ రక్తకణాల పరీక్షా టైముకి చేయించాలి. మద్యం తాగితే మానెయ్యాల్సిందే, కాలేయానికీ ట్రైగ్లిజరైడ్లకీ సోరియాసిస్‌కీ మూడింటికీ అదే శత్రువు. మున్ముందు ఎప్పుడైనా మందు మార్చాల్సి వస్తే కొవ్వు రిపోర్టు తప్పకుండా చూపించండి. ఎసిట్రెటిన్ అనే మందు ట్రైగ్లిజరైడ్లని పెంచుతుంది, సైక్లోస్పోరిన్ కొవ్వునీ బీపీనీ పెంచుతుంది, పైగా కొన్ని స్టాటిన్లతో కలిస్తే కండరాలు దెబ్బతినొచ్చు. చర్మం డాక్టర్‌కి గుండె గోళీ సంగతి, గుండె డాక్టర్‌కి చర్మం గోళీ సంగతి తెలియకపోవటం నేను ఓపీలో దాదాపు రోజూ చూస్తున్నాను. రెండు చీటీలూ ఒకే ఫైల్లో పెట్టి ఇద్దరికీ చూపించండి.

ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి, 286 అంటే ఎక్కువే, కానీ 500 దాటితే వచ్చే క్లోమం వాపు భయం ఇప్పుడు లేదు. ఇవి ఎక్కువగా పెరిగేది తెల్లన్నం, చక్కెర, మద్యం, కూర్చునే బతుకు వల్ల. అమ్మగారు నూనె గురించే బాధపడుతున్నారు కదా, రెండు పూటలా కుప్పపోసుకునే అన్నం గురించి ఎవరూ అనుకోరు. రాగి సంగటి చేసినా ముద్ద చిన్నది, పప్పూ ఆకుకూరా ఎక్కువ, ఊరిబిండి పచ్చడి ఉంటే ఉండనివ్వండి, దాన్ని తీసేస్తే మన జిల్లాలో ఎవరూ డాక్టర్ మాట వినరు.

పిల్లలకి వస్తుందా అన్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం సుమారు 14 శాతం అని పాత కుటుంబ అధ్యయనాల్లో ఉంది, ఇద్దరికీ ఉంటే 40 దాకా. అన్నిటికన్నా బలమైన జన్యువు 6వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, హెచ్ఎల్ఏ సీ06 అంటాం, అది ఉన్నవాళ్ళలో కూడా ఎక్కువమందికి జబ్బు రాదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకుండా ఉన్నవాళ్ళు ఉన్నారు. జన్యు పరీక్ష చేయించుకోవద్దు, డబ్బు దండగ. బరువు చూసుకోండి, మీరూ మీ తమ్ముడూ పొగకి దూరంగా ఉండండి, చాలు.

గుండు సంగతి. సోరియాసిస్‌లో చర్మానికి గీత పడిన చోట రెండు మూడు వారాల్లో కొత్త మచ్చ లేవొచ్చు, దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. తలలో మచ్చలు ఎర్రగా, మందంగా ఉన్నప్పుడు కత్తి పెట్టించుకోవద్దు. తగ్గి చర్మం మెత్తబడ్డాక డాక్టర్‌కి చూపించి వెళ్ళొచ్చు. అంతవరకు ఆగలేమంటే మూడు కత్తెరలు ఇవ్వొచ్చు కదా, అది కూడా మొక్కు తీర్చుకునే పద్ధతే, మా ఇంట్లో పెద్దవాళ్ళు అట్లాగే ఇచ్చారు.

చివరగా ఒకటి అడుగుతాను. నాయనగారికి పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోతున్నాయా, మడమ నొప్పి ఉందా, గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలున్నాయా? స్టీరింగ్ పట్టుకునే మనిషి కాబట్టి నొప్పి పని వల్లే అనుకుని వదిలేస్తారు. ఉంటే వెంటనే చెప్పండి, కీళ్ళకి పాకే సోరియాసిస్ అయ్యుండొచ్చు, ఆలస్యమైతే కీళ్ళు వంకర పోతాయి.

అలిపిరి_దారి (తిరుపతి)

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. నాలుగు రోజులుగా రాయలేకపోయాను, ఏం జరిగిందో చెప్తాను.

మొదటి జవాబు చూసిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఒక వారమే తప్పింది కాబట్టి పర్వాలేదు, మామూలు రోజున మామూలు డోసే వేసుకోమన్నారు, పోయిన వారానిది కలిపి రెండింతలు వేసుకోవద్దని గట్టిగా చెప్పారు. పలమనేరు అన్న చెప్పినట్టే క్యాలెండర్ మీద ఎర్ర చుట్లు గీశాం, మా ఇంట్లో బుధవారం. గీసింది నాయనే.

మూడు తలుపుల సంగతి నాయనకి నేనే చెప్పాను. మొదట వినలేదు. డిప్ పోలిక చెప్పాక మాత్రం నిలబడ్డారు, ఎందుకంటే పదకొండేళ్ళుగా సుప్రభాతం కోసం డిప్‌లో పేరు వేస్తున్నారు, ఒక్కసారి కూడా తగల్లేదు. "ఇది కూడా అట్లాంటిదేనా, మనం చేసింది ఏమీ లేదా" అని అడిగారు. పుట్టుకతో వచ్చింది మన చేతిలో లేదు, బుధవారం గోళీ మన చేతిలో ఉంది అన్నాను. చిన్నాయనకి కూడా ఫోన్ చేసి నెమ్మదిగా చెప్పాను, బాధపడ్డారు, ఆ మెసేజ్ ఇంకెవరెవరికి పంపారో వాళ్ళందరికీ మళ్ళీ రాస్తానన్నారు.

చర్మం_ఓపీ గారూ, మీరు అడిగినవి అడిగి చూశాను. కుడిచేతి రెండు వేళ్ళు పొద్దున అరగంటదాకా సరిగ్గా ముడుచుకోవట. ఏడాదిగా ఉందట, ఎవరికీ చెప్పలేదు. గోళ్ళ మీద గుంటలు ఉన్నాయి, ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నా మాకు తెలీలేదు. సోమవారం ఓపీకి తీసుకెళ్తున్నాను, మీరన్నట్టు రెండు చీటీలూ ఒకే ఫైల్లో పెట్టాను.

అమ్మకి లెక్కల_పని గారి చివరి మాటలు ఫోన్‌లో ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపయ్యాక ఇంకోసారి చదవమంది.

పలమనేరు_దారి

సోమవారం డాక్టర్ ఏమన్నారో తప్పకుండా రాయమ్మా. వేళ్ళ సంగతి దాచొద్దని నాయనకి నా మాటగా చెప్పు. నేను మూడేళ్ళు దాచినాను, ఇప్పుడు ఎడమచేతి చిటికెన వేలు వంగదు.